గీత పడిన చోట

శనివారం మూడింటికి
చాపెల్ వెనక గది తాళం తీస్తాను.
ఈ వేల్సు కొండల్లో వాన కురవదు, కాపురముంటుంది.
పలకరాతి గుట్టలు నల్లగా తడిసి
కిటికీలోంచి తొంగి చూస్తుంటాయి.
తడి కోట్ల వాసన, నిన్నటి టీ వాసన,
హీటరు మీద ఆరేసిన పదకొండు జతల మేజోళ్లు.
నా పెళ్లినాటి దుప్పటే మా వెండితెర.
దానికి పైమూల ఒక మాసిక.
ఏ సినిమా వేసినా
ఆ ఆకాశంలో వేళ తప్పిన చందమామ.

నేను సంగీతం నేర్చుకున్నది ఇలా కాదు.
డీకన్ ప్రోథెరో చేతిలో రూళ్లకర్ర ఉండేది.
చాలా ఏళ్లపాటు నాకు
బాఖ్ అంటే వేళ్ల కణుపుల మీద వాతలు,
హాండెల్ అంటే కరిచే కొత్త బూట్లు.
మహానుభావులందరూ గోడ మీద
పౌడరద్దిన విగ్గులతో వరసగా ఉండేవారు.
జన్మలో ఒక్కసారైనా తుమ్మినట్టు
ఒక్కరి మొహమూ చెప్పేది కాదు.

అందుకే ఈ పిల్లలకి
తుమ్మేవాళ్లను చూపిస్తాను.
అద్దె బాకీపడేవాళ్లను, సూప్ మాడ్చుకునేవాళ్లను,
రాసిన కాగితాలు ఎలకలు కొరికితే
చిన్నపిల్లల్లా ఏడ్చేవాళ్లను.
ఈ వారం, వినికిడి పోతున్న స్వరకర్త.
పై అంతస్తులో అతను, కింది వాటాలో ఒక కుర్రాడు,
మధ్యన మెట్ల మీద కుంటికుక్క.
కుక్క లేనిది సినిమాయే కాదని
మబ్లి ఎప్పుడో తీర్మానించింది.

కుర్రాడు తలుపు తీశాడు.
ముసలాయన వంగి
పియానో చెక్కకు చెవి ఆనించాడు.
సరిగ్గా అక్కడ
డిస్కుకి గీత.

బొమ్మ ఆగిపోయింది.
కన్ను సగం మూసి, నోరు సగం తెరిచి,
చెదిరిన జుట్టు నా మాసిక మీద పడి.
డిస్కు తీశాను, ఏప్రన్ అంచుతో తుడిచాను,
ఊదాను, చాపెల్ అని మరిచి తిట్టాను, పెట్టాను.
మళ్లీ అక్కడే.

పాలవ్యాను వాళ్ల తెగిద్ లేచాడు.
సెప్టెంబరు నుంచీ వస్తున్నాడు,
బిస్కెట్లకి తప్ప నోరు విప్పని పిల్లాడు.
మూలనున్న కాళ్ల హార్మోనియం మీద
దుమ్ముగుడ్డ లాగి
చెంప మోపి
"ఎవరైనా వాయించండి" అన్నాడు.

కాది తొక్కింది.
తిత్తికి చిల్లి కదా,
ఉబ్బసం కుక్క మూలిగినట్టు
ఒకే ఒక్క మంద్ర స్వరం.
ఆ స్వరం కోసం వరస కట్టారు.
ఒకడు నుదురు పెట్టాడు, ఒకడు పళ్లు పెట్టాడు.
"పొట్టలో వినపడుతోంది!" అని మబ్లి
నేల మీద బోర్లా పడుకుంది.
గోడలకు చెవులుంటాయని
మా అమ్మమ్మ బెదిరించేది గానీ
చెక్కకు గొంతుంటుందని
నాకెవరూ చెప్పలేదు.

ఎప్పుడు కదిలిందో సినిమా, దానంతటదే కదిలింది.
పదకొండు ఖాళీ కుర్చీలకి
ఆయన కచేరీ చేసేస్తున్నాడు.
నేనొక్కదాన్నే చూశాను.
తెర మీద జనం లేచి చప్పట్లు కొట్టారు.
కుక్క మెట్లెక్కింది.

అయిదింటికి అమ్మలు వచ్చారు.
తెగిద్ బూటు ముడి వేసుకుంటూ అడిగాడు:
"కింది వాటా కుర్రాడు నిజంగా ఉన్నాడా?"
ఉన్నాడనేద్దామనుకున్నాను.
పిల్లలకి అబద్ధం చెప్పడం
టీలో ఇంకో చెంచా పంచదార వేయడమంత తేలిక.
"లేడురా. సినిమావాళ్లు కల్పించారు."
రెండో ముడి కూడా వేశాడు.
"మరి తలుపు ఎవరు తీశారు?"

నేను వెతుక్కుంటూండగానే
టోపీ లాక్కుని వానలోకి వెళ్లిపోయాడు.
కుడిచెంప మీద ఇంకా
చెక్క గీతలు, ఎర్రగా.

దుప్పటి మడిచాను.
హార్మోనియం మీద గుడ్డ కప్పబోయి మానేశాను.
వచ్చే వారం డిస్కు సంచిలోనే ఉంది,
అన్న పేరు మీద పాటలు అచ్చయిన ఒక చెల్లెలి కథ.
దానికి గీతలున్నాయో లేవో
దీపం దగ్గర పెట్టి చూడొచ్చు.
చూడలేదు.